ప్రశ్న అడిగే వంతు

అక్రా ఓసు పేటలో అగ్బెకో చావుకు కారణం ఒక సరైన జవాబు.

"డెన్మార్క్ నుంచి వచ్చిన డేన్స్ అక్రా తీరాన కట్టి, తమ రాజు పేరు పెట్టుకున్న కోట ఏది?" అని షార్ప్ బ్రెయిన్స్ అనే ఆన్‌లైన్ గదిలో ఎవరో అడిగారు. అడిగినవాళ్ళ పేరు హిబిస్కస్. అసలు పేరుతో తిరిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ ఉండదు. రెప్పపాటులో జవాబు వచ్చింది: క్రిస్టియన్స్‌బోర్గ్. "సరైన జవాబు. ఇక అడిగే వంతు మీది," అని రాసింది హిబిస్కస్.

గంట తిరగకముందే, ఆ కోట పక్క సందులోని మేడ మీద, మొక్కజొన్న కెంకీ ముద్దను చేప ముక్కతో నంజుకుంటున్న అగ్బెకో నుదుటి మీద గుండు దిగింది. ఒంటి మీద బులెట్ ప్రూఫ్ జాకెట్ ఉంది. నుదుటికి జాకెట్ ఉండదు కదా. కాపలా కానిస్టేబుల్ ఎదురుగానే కూర్చుని ముల్లు ఏరుకుంటున్నాడు. అతనికి చప్పుడు వినిపించిందట, టైరు పేలిందనుకున్నాడట.

మర్నాడు పొద్దున గూఢచారి విభాగం నుంచి ఏజెంటు ఫీఫీ క్వాన్సాకు పిలుపు వచ్చింది. విభాగం ఆఫీసు కాండాలో, ఒక బీమా కంపెనీ బోర్డు వెనక ఉంది. ఆ బోర్డు నమ్మి అప్పుడప్పుడూ జనం నిజంగానే పాలసీ కట్టడానికి వస్తుంటారు. నిజమైన గూఢచారి మాత్రం అడ్రసు దొరక్క ఒకసారి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ విభాగానికి పెద్ద మేడమ్ లార్టే. ఆవిడ ఫోను బల్ల మీద నుంచి ఫీఫీ వైపు జరిపింది.

"ఈ గది తెలుసా నీకు?"

"వినే ఉన్నా మేడమ్. పనిలేనివాళ్ళ సంత."

"నియమం తెలుసా?"

"ఒకడు ప్రశ్న అడుగుతాడు. సరిగ్గా చెప్పినవాడికి అడిగే వంతు. వాడు ఇంకో ప్రశ్న. ఇంకొకడు ఇంకో జవాబు. ఇట్లా తెల్లారిపోతుంది. ఎందుకు అడుగుతారో, తెలుసుకుని ఏం చేసుకుంటారో వాళ్ళకే తెలీదు."

"హిబిస్కస్ అడిగిన ప్రశ్నకు జవాబే ఆర్డరు. ఆమె ఏ జవాబును సరైనదంటే, అక్కడికి వెళ్ళి చంపాలి. వేలమంది కళ్ళముందే ఆర్డరు వెళ్ళింది. ఒక్కడూ పసిగట్టలేదు."

"ఆ క్రిస్టియన్స్‌బోర్గ్ అని ఎగబడి చెప్పినవాడెవడో గానీ, వాణ్ణి ముందు నాలుగు తన్నాలి. టూ నోన్ వెధవ."

టూ నోన్ అంటే అక్రాలో సర్వజ్ఞులకు పెట్టే తిట్టు. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"అది చెప్పింది నేనే ఫీఫీ."

ఫీఫీ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడదగ్గది ఏమీ లేదు.

"అలా మొహం పెట్టకు," అంది ఆవిడ. "రెండేళ్ళుగా ఆడుతున్నా. నిద్ర పట్టదు నాకు. నేను చెప్పకపోతే ఇంకొకరు చెప్పేవాళ్ళు. అయినా చెప్పింది నేను. ఇవాళ తెల్లారగానే హిబిస్కస్ మళ్ళీ అడిగింది. 1876లో ఒక ఆర్డినెన్సు గోల్డ్ కోస్ట్‌లో ఏ సంస్థను స్థాపించింది అని."

"ఏమిటి?"

"సుప్రీంకోర్టు. ఎవరో చెప్పారు, ఆమె ఒప్పుకుంది."

మధ్యాహ్నం సుప్రీంకోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది అక్వెలే. టెమా రేవులో కస్టమ్స్ ఆఫీసరు. కోకో యంత్రాల పేరుతో దిగిన పెట్టెల్లో తుపాకులు ఉన్నాయని అగ్బెకో చూశాడు, ఆమె చూసింది. అగ్బెకో పోయాడు. ఇక మిగిలింది ఆమె ఒక్కతే. సాక్ష్యం వద్దు మొర్రో అంటున్నదాన్ని ఫీఫీయే పదేపదే టెమాకు తిరిగి ఒప్పించాడు. "నీ మీద ఈగ వాలనివ్వను అక్కా," అన్నాడు. "ఈగల సంగతి కాదు తమ్ముడూ నేను అడిగేది," అందామె. అయినా నమ్మింది. ఆమెకు ఏమైనా అయితే ఇక ఎవరి మొహం చూసి మాట ఇవ్వగలడు?

"వాయిదా?"

"జడ్జి గారు ఇవ్వరు. ఇవాళ సాక్ష్యం పడకపోతే ముద్దాయిలు రాత్రికి విమానం ఎక్కుతారు."

"వెనక గేటు?"

"తాళంచెవి ఉన్నాయన కుమాసీలో అంత్యక్రియలకు వెళ్ళాడు."

"పగలగొడదాం."

"పగలగొట్టి ఎక్కడికి వెళతావు? అవతల మురుక్కాలవ తవ్వి వదిలేశారు. ముందు మెట్లే దిక్కు. చుట్టూ మేడలు, వాటికి వందల కిటికీలు. సగం కట్టి ఆపేసిన బిల్డింగులు కూడా. అన్నీ వెతకాలంటే సైన్యం కావాలి."

"ఓసు ఇల్లు తెలిసింది ఎవరెవరికి?"

"కాపలావాళ్ళకు. డేన్స్ అంటే అదేం తిండి అని అడిగే రకాలు. నాకు, నీకు."

"డెల్ఫీన్‌కు," అన్నాడు ఫీఫీ.

డెల్ఫీన్ అమెగా టోగో రాజధాని లోమే నుంచి వచ్చిన లైజాన్ ఆఫీసరు. ఆమె వచ్చిన దగ్గర్నుంచి విభాగంలో దువ్వెనల వాడకం పెరిగింది. ఏ ఫైలు అడిగితే ఆ ఫైలు పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చారు. బంగారు గొలుసు సవరించుకుంటూ నవ్వితే చాలు, దేశ రహస్యాలు కాఫీతో పాటు వచ్చేవి.

లబాడీ తీరంలోని హోటల్లో, ఈతకొలను పక్కన పడక కుర్చీలో ఆమె పసుపు గౌనులో పడుకుని ఉంది. ఫీఫీ తెల్ల కోటు వేసుకుని, కెలెవెలే అనే వేయించిన అరటి ముక్కల ప్లేటు పట్టుకుని వెయిటరులా వెళ్ళాడు. కళ్ళకు విభాగం ఇచ్చిన కెమెరా కళ్ళద్దాలు. సహారా నుంచి వీచే హర్మట్టన్ గాలి దుమ్ము పట్టి అవి కెమెరాగా పనిచెయ్యడం మానేశాయి. కళ్ళద్దాలుగా మొదటి నుంచీ పనిచెయ్యలేదు.

"హర్మట్టన్ ఈసారి ముందే వచ్చింది మేడమ్," అన్నాడు. అది కోడు.

"పెదాలకు షియా వెన్న రాసుకో," అంది ఆమె కళ్ళు తెరవకుండానే. అది బదులు కోడు. "ఇంత ఘోరంగా ప్లేటు పట్టుకునే వెయిటరు ఘనాలో ఉండడు ఫీఫీ."

"ఇంత తీరిగ్గా హత్యలు చేయించే మనిషి టోగోలో ఉంటుందనుకోలేదు నేను కూడా."

తువాలు మీద ఉన్న ఆమె ఫోను అతని చేతిలోకి వచ్చేసింది. తాళం ఇంకా పడలేదు. గది తెరిచే ఉంది. పైన పేరు హిబిస్కస్.

డెల్ఫీన్ లేచి కూర్చుంది. భయపడలేదు. బేరానికి సిద్ధమైంది.

"నాకేమిటి?"

"మాట్లాడితే లోమే బస్సు. మాట్లాడకపోతే న్సావం జైలు. అక్కడ కొలను లేదు."

"సరే. ఆర్డరు నేనే పంపాను. నాకు డబ్బిచ్చేవాళ్ళు ఎవరో నాకూ తెలీదు. మధ్యలో మనుషులు. షూటరు మొహం నేను చూడలేదు."

"ఆపెయ్యమని రాయి."

"వినడు. ఒకసారి సరైన జవాబు అని నేనన్నాక ఇక నా మాట లెక్కలోకి రాదు. నన్ను ఎవరైనా ఇలా పట్టుకుని రాయిస్తారని ముందే పెట్టుకున్న నియమం అది. ఇప్పటికే తుపాకీ బిగించుకుని కూర్చుని ఉంటాడు."

"వాడి గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. గదిలో ఉంటాడు గానీ ఒక్క ముక్క రాయడు. రాయకూడదని ఆర్డరు. చదవడమే." ఆమె కెలెవెలే ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. "ఒక్కసారే తప్పాడు. ఓ మామూలు ప్రశ్న, ఊరికే నమ్మకం కుదరాలని అడిగింది. ఆఫ్రికాలో అన్నిటికంటే పెద్ద సరస్సు ఏది అని. ఎవడో టాంగన్యీకా అన్నాడు, నేను సరే అనేశాను. నాకేం తెలుసు? ఇక చూడు, నా ఇన్‌బాక్సులోకి తిట్ల దండకం! విక్టోరియా సరస్సు, లోతుకూ వైశాల్యానికీ తేడా తెలీని మొద్దులు, మా మన్రోవియాలో రెండో క్లాసు పిల్లలకు కూడా తెలుసు ఈ మాత్రం... పేజీలు పేజీలు పంపాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది వాడి సంగతి."

ఫీఫీ ప్లేటు కింద పెట్టాడు.

"మన్రోవియా అన్నాడా? అయితే లైబీరియా వాడన్నమాట."

"అన్నాడు. మనిషిని చంపేటప్పుడు చెయ్యి వణకదట. తప్పు జవాబు చూస్తే మాత్రం జ్వరం వస్తుందట. నీకిది నవ్వులాటగా ఉందా?"

ఫీఫీ నవ్వుతున్నాడు. ఉదయం నుంచి మొదటిసారి.

మోటారుసైకిలు మీద కోర్టు వైపు దూసుకుపోతూనే మేడమ్‌కు ఫోన్ చేసి, డెల్ఫీన్ చెప్పిందంతా చెప్పాడు.

"నాకు ఆ గదిలో అడిగే వంతు కావాలి మేడమ్."

"వంతు ఊరికే ఇవ్వరు. సరైన జవాబు చెప్పాలి."

"తుపాకీ చూపిస్తే?"

"ఫోన్లో ఎట్లా చూపిస్తావయ్యా? ముప్పై సెకన్లలో జవాబు చెప్పాలి. వెతుక్కునే వీల్లేదు. ఇయర్‌పీస్ పెట్టుకో. నేను అందిస్తా."

"మీరే ఆడొచ్చు కదా?"

"నన్ను గదిలో అందరూ ఎరుగుదురు. నేను తప్పు చెబితే ఆవిడ సరదాకి అంటోంది అనుకుంటారు. కొత్త మొహం తప్పు చెబితే నమిలి మింగుతారు."

ఆ గొంతులో గర్వం వినబడి ఫీఫీకి ఒళ్ళు మండింది. ఒకడి చావుకు కారణమైన విద్య మీద ఇంకా ఆ మురిపెం ఏమిటి?

కోర్టు ఎదుట కొబ్బరిబోండాల బండి పక్కన చొక్కా విప్పుకుని, చేత కత్తి పట్టుకుని నిలబడ్డాడు. వేషం బాగా కుదిరింది. కుదరడమే తంటా అయింది. విగ్గు పెట్టుకున్న లాయరొకడు వచ్చి, నీళ్ళు బాగా ఉన్నది కొట్టు అన్నాడు. ఫీఫీ ఫోను చూసుకుంటూ కొట్టిన బోండాం లాయరు గౌను మీద చిందింది.

"కళ్ళు కనబడవటయ్యా? ఫోనెందుకు నీకు, కొబ్బరికాయల లెక్క చూసుకోవడానికా?"

"పోండి సార్, ఊరికే తీసుకుపోండి. పొండి!"

ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న డెడే గొంతు ఇయర్‌పీస్‌లో వచ్చింది. "అన్నా, గదిలో రెండు వేలమంది పైనే ఉన్నారు. చదివేవాడి జాడ నాకు దొరకదు. వాడు ఒక్క అక్షరం రాస్తే చాలు, ఏ బిల్డింగులో ఉన్నాడో చెప్పేస్తా. కొత్తగా నోరు తెరిచిన పేరు, కోర్టు చుట్టుపక్కల. అదే మనవాడు."

"అక్వెలే ఎక్కడుంది?"

"కారు సర్కిల్ దాటింది. ట్రాఫిక్ లేదివాళ." ఆ మాట అంటుంటే డెడే గొంతు ఏడుపులా ఉంది. ట్రాఫిక్ కావాల్సిన రోజున తప్ప అక్రా రోడ్లు మరే రోజూ ఖాళీగా ఉండవు.

ఫీఫీ గదిలోకి దిగాడు. అంతా చేపల బజారు గోల. ప్రొఫెసర్ ఓక్రో అనేవాడిది అడిగే వంతు. వాడు తన డిగ్రీలు వల్లించి, పోయినవారం తన విజయాలు వల్లించి, ఆఖరికి ప్రశ్న వదిలాడు: "చదరపు ముక్కలుగా పేడ వేసే జంతువేది?"

ఒక ఆడమనిషి ప్రాణం ఒక జంతువు పేడ దగ్గర ఆగింది. ఫీఫీకి బండి మీద ఉన్న కత్తితో ఫోన్ను రెండు చెక్కలు చెయ్యాలనిపించింది.

"మేడమ్!"

"వాంబ్యాట్. వాం-బ్యాట్. ఆస్ట్రేలియాది. త్వరగా కొట్టు."

కొట్టాడు. అతనికంటే ముందే ఇద్దరు కొట్టారు. ఒకడు కుందేలన్నాడు, ఇంకొకడు ఒంటె అన్నాడు. ప్రొఫెసర్ ఓక్రో కాస్త బెట్టు చేసి, "సరైన జవాబు, కొత్తవాడా. వంతు నీది," అన్నాడు.

నల్లకారు మలుపు తిరిగి కోర్టు ముందు ఆగింది.

ఫీఫీ టైపు చేశాడు: "ఆఫ్రికాలో మొట్టమొదటి రిపబ్లిక్ ఏది?"

జవాబులు మిడతల్లా వచ్చిపడ్డాయి. లైబీరియా, లైబీరియా, లైబీరియా. ఒకడు అంతకు ఎనిమిదేళ్ళ ముందే దక్షిణాన బోయర్లు పెట్టుకున్న నటాలియా సంగతేమిటని మొదలుపెట్టాడు. వాడి నోరు మిగతావాళ్ళే నొక్కేశారు. ఫీఫీ తాపీగా రాశాడు: "అన్నీ తప్పు. సరైన జవాబు ఘనా. లైబీరియా దేశమే కాదు, అమెరికా వాళ్ళ గోడౌను."

గది భగ్గుమంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళు రెండు వేలమంది ఒక్కసారిగా ఒకే కుందేలు మీద పడ్డారు. గాడిద అన్నారు, బడికి వెళ్ళావా అన్నారు, వీణ్ణి వెళ్ళగొట్టండి అన్నారు. అందులో మన్రోవియా మనిషి లేడు.

కారు తలుపు తెరుచుకుంది. నీలం బట్టల్లో అక్వెలే దిగింది. కానిస్టేబుళ్ళు చెరో పక్క నిలబడ్డారు. మొదటి మెట్టు ఎక్కింది.

ఫీఫీ మళ్ళీ ఫోను చూశాడు. ఇంకేం రాయాలి? కోపం చాలలేదా? అప్పుడు తట్టింది. ఇటువంటివాళ్ళకు తిట్లు తగలవు. తప్పును సాక్ష్యంతో సహా చెబితే తగులుతుంది. "ఘనా 1957లోనే రిపబ్లిక్. లైబీరియా 1947లో. కావాలంటే లెక్కపెట్టుకోండి," అని రాశాడు. అందులో ఒక్క మాట కూడా నిజం కాదు. పైగా పదేళ్ళు ముందున్నదే ఓడిపోయింది.

ఒక కొత్త పేరు మెరిసింది, మన్రోవియా వెలసిన తీరపు కొన పేరు. మెసురాడో.

"1947 కాదు, 1847!! జులై 26! ఘనాకు 57లో వచ్చింది స్వాతంత్ర్యం, రిపబ్లిక్ అయింది 1960లో. 47 ముందా 57 ముందా కూడా తెలీని నీకు వంతు ఎవరిచ్చారు?"

"దొరికాడు!" డెడే కేక పెట్టింది. "ఎదురుగా సగం కట్టిన ఆఫీసు బిల్డింగ్!"

ఫీఫీ తలెత్తాడు. కిటికీలు లేని కంతల్లో, మూడో అంతస్తులో, సిమెంటు బస్తా మీద ఆనించిన తుపాకీ గొట్టం కనిపించింది. దాని వెనక మనిషి ఉన్నాడు. రెండు చేతులా ఫోను పట్టుకుని బొటనవేళ్ళతో టైపు చేస్తున్నాడు.

కత్తి విసిరేసి పరుగెత్తాడు. ఫోను మాత్రం వదల్లేదు. వాడి చేతులు ఫోను మీద ఉన్నంతసేపే అక్వెలే ప్రాణం.

మొదటి అంతస్తు మెట్ల మీద: "ఆధారం చూపించు."

"లైబ్రరీకి పో! ఏ పుస్తకమైనా తియ్యి!"

రెండో అంతస్తులో, ఇనుప చువ్వలు మోకాలికి గీసుకుంటుంటే: "లైబీరియా మొదటి ప్రెసిడెంటు పేరు కూడా నీకు తెలీదు. పందెం."

ఆ ఒక్కటి వాడి గుండెల్లో దిగింది. జోసెఫ్ జెంకిన్స్ రాబర్ట్స్, వర్జీనియాలో పుట్టినవాడు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, మళ్ళీ రెండోసారి ఎప్పుడు... టైపు చేస్తూనే ఉన్నాడు. కింద నీలం బట్టలు ఆఖరి మెట్టు దగ్గరికి చేరాయి. ఫోను తెర మీది నుంచి వాడి కళ్ళు ఒక్కసారి తుపాకీ వైపు వెళ్ళాయి. చెయ్యి కూడా వెళ్ళింది. అంతలో వాక్యం సగంలో ఉందని గుర్తొచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి వచ్చింది.

ఫీఫీ వెనక నుంచి మీద పడ్డాడు. తుపాకీ ఒక పక్కకు, ఇద్దరూ ఇసుక కుప్పలోకి ఒక పక్కకు. మోకాలు వీపు మీద ఆనించి బేడీలు వేస్తుంటే వాడు గింజుకున్నది తప్పించుకోవడానికి కాదు.

"ఒక్క నిమిషం! పంపించనీ! అయిపోవచ్చింది, ఒక్క నిమిషం!"

కోర్టు తలుపులు అక్వెలే వెనక మూసుకున్నాయి.

ఆమె రెండు గంటలు సాక్ష్యం చెప్పింది. బయటికి వచ్చాక, చొక్కా లేకుండా, మోకాలికి రక్తంతో గోడకు ఆనుకుని ఉన్న ఫీఫీని ఎగాదిగా చూసింది. జరిగింది వింది.

"అంటే నేను మెట్లెక్కుతుంటే నువ్వు ఫోన్లో జనరల్ నాలెడ్జి ఆడుతున్నావా?"

"అక్కా, అది కాదు..."

"ఈగ వాలనివ్వనన్నావు. సరే, వాలలేదు." ఆమె మొహం అప్పటిదాకా బిగబట్టుకుని ఉంది. అక్కడ, ఆ గోడ పక్కన, ఒక్కసారిగా ఏడ్చేసింది. ఫీఫీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

కాండా ఆఫీసులో షూటరు నోరు మెదపలేదు. పేరు వర్నీ అని పాస్‌పోర్టులో ఉంది. అంతే. పెద్ద పెద్ద అధికారులు వచ్చి అరిచారు, బల్ల గుద్దారు, భయపెట్టారు. వాడు గోడ చూస్తూ కూర్చున్నాడు. అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు పోతే, ఏమీ తెలియనివాడు ఏకాదశి నాడు పోయాడట. ఆ అధికారులు ఏకాదశి బాపతు. చివరికి మేడమ్ లార్టే అందర్నీ బయటికి పంపించి, ఫీఫీ చేతికి ఖాళీ ఫైలు ఇచ్చింది. ఫీఫీ అందులో చూసి చదువుతున్నట్టు నటించాడు.

"మీ నాయకుడు కోటోనూలో ఉంటాడు. బెనిన్ రాజధాని."

వర్నీ దవడ కదిలింది. ఆపుకున్నాడు. ఆగలేదు.

"బెనిన్ రాజధాని పోర్టో-నోవో," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "అయినా ఆయన ఉండేది బెనిన్లో కాదు. శాన్ పెడ్రోలో."

"అదే, ఐవరీ కోస్టులో. రాజధాని అబిజాన్ పక్కన."

"యామూసూక్రో రాజధాని! శాన్ పెడ్రో అబిజాన్ పక్కనెక్కడుంది? రేవులో నీలం గోడల ఐస్ ఫ్యాక్టరీ, దాని మీద ఇల్లు. మ్యాపు చూశావా ఎప్పుడైనా?"

"ఆయన ఫ్రెంచివాడు కదా."

"బెల్జియం వాడు! మీకు ఉద్యోగాలు ఎవరిచ్చారు?"

సాయంత్రానికి పడవల పేర్లు, మధ్యవర్తుల పేర్లు, తరువాత తుపాకులు దిగబోయే రేవు, అన్నీ దిద్దుబాట్లుగా వచ్చేశాయి. వాడి మీద ఎవరూ చెయ్యెత్తలేదు. ఫీఫీకి తప్పులు వెతుక్కోవడమే కష్టమైంది. కొన్నింటికి మేడమ్ చీటీ మీద రాసి అందించింది.

"వాంగ్మూలం టైపు చేయించు," అంది ఆవిడ బయటికి వస్తూ. "పేజీకి రెండు మూడు తప్పులు ఉండనీ. దిద్దడం కోసమైనా ఆఖరిదాకా చదివి, సంతకం పెట్టి ఇస్తాడు."